నీలావతి మందులపెట్టె రక్షణము

జయము, జయము! మగ్గముల టకటకలే మంగళవాద్యములై, చీరపై పూవులు దిద్దు జాకార్డు అట్టల గలగలలే వేదఘోషమై, పెండ్లికూతుండ్రకెల్ల పట్టు కట్టబెట్టు ధర్మవరపట్టణమున, మేకలు సైతము అరుగుల నీడలకెక్కిన యొకానొక మండువేసవి మధ్యాహ్నమున, నేతగాడు కదిరప్ప యిల్లాలును, జ్వరవిదారిణియు, అతిసారసంహారిణియు నగు నీలావతి, పాత రేకుపెట్టెయందు సమస్తౌషధసైన్యమును మోహరించెను. ముందు జ్వరం మాత్రలు, ప్రక్కన ఓఆర్ఎస్ పొట్లములు, వెనుక దూది, ఆయింట్‌మెంటు, కత్తెర, పైన ప్లాస్టర్ పట్టీలు. చూచుకొని మురిసిపోయినది, పాపము!

శత్రువులు రోగములనుకొంటిరా? కానే కాదు, ఇంటివారే! ఆమె అటు తిరిగినంతనే అత్తగారు కుళ్ళాయమ్మ దూదినంతయు దీపపు వత్తులుగా పేనెను. కదిరప్పయో, జరీపోగులు కత్తిరించుటకు కత్తెరను హరించి, చినిగిన జాకార్డు అట్టకు పట్టీలన్నియు అంటించి, "బలే అంటుకున్యాయే!" యని మీసము దువ్వెను.

నీలావతి కొంగు బిగించి గర్జించెను: "ఏమప్పా! ఆ అట్టకేమన్నా నెత్తురు కారతాండాదా? రేపు నీకే దెబ్బ తగిల్తే యాడికి పోతావు? దీపమెలిగించి దండం పెట్టుకుంటావా?"

"నాకేమయితాదిలేమ్మే!" అని కదిరప్ప చేయి విసరినంతనే, కత్తెర జారి వ్రేలిని చీల్చెను. క్రింద మగ్గముపై మీగడరంగు పెండ్లిచీర! సాయంకాలమునకు సావుకారికందవలసినది. ఒక్క నెత్తురుచుక్క పడెనా, ఇంటిల్లిపాది నెలనాళ్ళ కష్టము గంగపాలే.

"ఉండు నాయనా, పసుపు అదుముతా!" అనుచు కుళ్ళాయమ్మ పిడికెడు పసుపుతో దూకెను.

"ఆగత్తా! పసుపు రాలితే పట్టు పోతాది!" అని నీలావతి యొక చేత అత్త పిడికిలిని, మరొక చేత మగని మణికట్టును బంధించి, ఇరువురను వాకిటికీడ్చెను. పిమ్మట వంటయింటికురికి, ఆ యింటి పురుషహస్తమేనాడును సోకని టీపొడి డబ్బాలో తాను ముందుచూపుతో దాచిన యేకైక ప్లాస్టర్ పట్టీని వెలికితీసి, గాయము కడిగి, చుట్టెను. చీరపై చుక్క పడలేదు!

కదిరప్ప లోనికేగెను. ఆ యింట తాళమునకు నోచుకొన్నది జరీ దాచు బీరువా యొక్కటియే. దాని తాళమూడదీసి భార్య చేతిలో పెట్టెను. "మందులపెట్టెకు ఏసుకోమ్మే. చెవి నీ దగ్గరే ఉండనీ."

ఓ ధర్మవరవాసులారా, వినుడు! బంగారువన్నె జరీ బోసిబీరువాలో నిలువగా, రేకుపెట్టెకు తాళము పడెను! నీలావతి తాళపుచెవిని పుస్తెలత్రాటి పిన్నీసుకు తగిలించుకొని, దిగ్విజయమొనర్చినదై, టీ పెట్టుకొని ఒక్కతియే త్రాగెను.