కంటిపాప పెద్దదైన పూట

అశోక్‌నగర్‌లో ఆ ఉదయం కిషన్ రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీలు తినాలి, కూతురి వెంట వెళ్లి దాని ముందు కళ్లు తెరుచుకుని కూర్చోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడం మామూలు మనుషుల వల్ల కాదు. కానీ కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన కిషన్ రావుకు ఒక జబ్బు ఉంది. ఏ సంగతైనా ఆరా తీయందే ఆయనకు నిద్ర పట్టదు.

కూతురు అనూహ్య చిక్కడపల్లిలో ఓ కళ్లద్దాల షాపులో ఆప్టోమెట్రిస్టు. ఇన్నాళ్లూ అక్షరాల బోర్డు చూపించి నంబరు తేల్చడమే పని. ఇప్పుడు నారాయణగూడలో పైస్థాయి శిక్షణలో చేరింది. కంటి వెనక ఉండే రెటీనాలో ఏ జబ్బు మొదలైంది, దేన్ని తను కనిపెట్టుకుని ఉండొచ్చు, దేన్ని ఆలస్యం చేయకుండా పెద్ద డాక్టరుకు పంపాలి, ఇదీ ఆ చదువు. ఆ రోజు ఆఖరి ప్రాక్టికల్. కంట్లో మందు చుక్కలు వేసిన మనిషిని ఎవరికి వాళ్లే తెచ్చుకోవాలి. మధ్యలో ఆ మనిషి లేచిపోతే ప్రాక్టికల్ పోయినట్టే, మళ్లీ కొత్త బ్యాచి దాకా ఆగాల్సిందే.

తండ్రిని షాపులో కుర్చీలో కూర్చోబెట్టి అనూహ్య చుక్కలు వేసింది.

"ఇవి ఏస్తే ఏమైతది బిడ్డా?"

"కంటిపాప పెద్దగైతది. తలుపు బార్లా తెరిచినట్టు, ఎనక దాకా కనిపిస్తది."

"నాకా?"

"నాకు! నీకు కొన్ని గంటలు అంతా మసకనే. జర ఫోన్ ముట్టకు డాడీ, నీ కాళ్లు మొక్కుత."

"నేనెందుకు ముడ్త?" అన్నాడు కిషన్ రావు, మనసులో అప్పటికే ముట్టేసి.

ఆయన చదివే అద్దాలు తన బ్యాగులో వేసుకుని, నల్లద్దాలు తగిలించి అనూహ్య ఎవరికో ఫ్రేమ్ చూపించడానికి వెళ్లింది. కాసేపటికి కిషన్ రావును ఆరాటం పట్టుకుంది. తన కంటిపాప ఎంత పెద్దదైందో? నల్లద్దాలు పైకెత్తి ఫోన్‌తో ముఖం ఫొటో తీసుకున్నాడు. చూస్తే పొగమంచు. పెద్దది చేస్తే పెద్ద పొగమంచు. సరే, తనకు కనబడకపోతే దోస్తులైనా చూసి చెప్తారు కదా అని తడుముకుంటూ పాత ఆఫీసు గ్రూపులో పెట్టేశాడు. రాద్దామంటే అక్షరాలు ఆనలేదు. కూతురి పరీక్ష, శుభమా అని నవ్వే బొమ్మలు ఓ వరుస, పక్కన దండం పెట్టే చేతులు నొక్కాడు. తాను నొక్కినవి ఏడ్చే బొమ్మలని ఆయనకెలా తెలుస్తుంది?

ఫోన్ టింగు టింగుమంది. అందరూ మెచ్చుకుంటున్నారని పొంగిపోయి మరో వరుస ఏడ్చే బొమ్మలు పంపాడు. అంతలో ఫోన్ మోగింది. కూతురు వింటుందన్న భయంతో కట్ చేశాడు. మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేశాడు.

ఆ ఫోన్లు చేసింది అంబర్‌పేట ముత్యాలు, ఆఫీసులో పక్క కుర్చీ మనిషి. ఫొటోలో కళ్ల నిండా నలుపే, కింద ఏడుపులు, దండాలు, ఎత్తని ఫోను! గుండె గుభేలుమని కిషన్ రావు భార్య అరుంధతికి చేశాడు.

"వదినా! అన్న కండ్లు పోయినట్టున్నయి!"

"అయ్యో దేవుడా! పొద్దుగాల బిడ్డె ఏందో చుక్కలేస్త అన్నదయ్యా!"

అంతే. కన్నకూతురే మందేసి తండ్రి కళ్లు పోగొట్టిందన్న వార్త గ్రూపంతా పాకింది.

నారాయణగూడలో కిషన్ రావు గడ్డం మిషన్ మీద పెట్టి బుద్ధిగా కూర్చున్నాడు. పరీక్ష పెట్టే డాక్టర్ సుహాసిని పక్కన నిలబడ్డారు. అనూహ్య వంగి ఒక కన్ను చూసి రెండో కంటికి వచ్చిందో లేదో, తలుపు ధడేలుమంది. అరుంధతి, వెనక అరటిపళ్ల సంచీతో ముత్యాలు, ఆ వెనక రిటైరైన కరెంటాఫీసు సగం!

"ఓ అయ్యా! నేను కనిపిస్తున్ననా?" అని అరుంధతి గొల్లుమంది.

మిషన్ వెలుగుకు కిషన్ రావు కళ్లు అప్పటికే బైర్లు కమ్మి ఉన్నాయి. "లేదే! ఏం కనిపిస్తలేదు! నిజంగనే పోయినయా బిడ్డా?" అంటూ లేచి నిలబడ్డాడు.

ప్రాక్టికల్ పోయింది. అనూహ్యకు కన్నీళ్లు ఆగలేదు. "నీకేం కాలేదు డాడీ. నీ కండ్లు మంచిగున్నయి. పోయింది నా పరీక్ష," అంది. ఫోన్ సంగతి బయటపడ్డాక కిషన్ రావుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఏమీ అడగాలనిపించలేదు.

ఇవేవీ చెవికెక్కని ముత్యాలు మాత్రం గుండెలు బాదుకుంటున్నాడు. "మేడం! నా కన్ను తీస్కోర్రి! మా అన్నకు పెట్టుర్రి!"

సుహాసిని ఆయనను పైనుంచి కిందికి చూశారు. "షుగర్ ఉందా?"

"మస్తేండ్ల సంది ఉన్నది."

"కళ్లెప్పుడైనా చూపించుకున్నారా?"

"నాకేం పరేషాన్ లేదు మేడం. బస్సు నంబరు గంత దూరంకెల్లి చదువుత."

"కన్ను ఇస్తానన్నారు కదా, కూర్చోండి. అనూహ్యా, ఈయనకు చుక్కలెయ్యి. లంచ్ దాకా టైమిస్తున్నా."

అందరి ముందూ దానం చేసిన కన్నాయె, వెనక్కి తీసుకోవడానికి ముత్యాలుకు మొహం చెల్లలేదు. కంటిపాపలు విచ్చుకున్నాక అనూహ్య వంగి చూసింది. ఒక కన్ను చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటి కంటికే వచ్చింది.

"రెటీనాల చిన్న చిన్న నెత్తురు మరకలున్నయి మేడం. చూపు నిలిచే నడిమి భాగం దగ్గర వాపు మొదలైంది. ఇది నేను పెట్టుకుని చూసే కేసు కాదు, ఈ వారంలనే రెటీనా డాక్టర్‌కు పంపాలె."

సుహాసిని తానూ చూసి తల ఊపారు. "పాస్."

"ఏం కనిపియ్యకుండనే ఇంత నడుస్తదా బిడ్డా లోపల?" అన్నాడు ముత్యాలు, గొంతు చిన్నదై.

"ఇప్పుడు దొరికింది కద అంకుల్. మందున్నది. ఇంకో సంవత్సరం ఆగితే బస్సే కనిపియ్యకపోతుండె."

ముత్యాలు తను తెచ్చిన అరటిపళ్ల సంచీ కిషన్ రావు ఒళ్లో పెట్టి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరికీ కళ్లు చెమర్చాయి. తర్వాత నల్లద్దాల స్నేహితులిద్దరూ మెట్ల మీద పక్కపక్కన కూర్చుని, అనూహ్య పాసైన శుభవార్తను ముత్యాలు ఫొటోతో సహా గ్రూపులో పెట్టారు, నవ్వే బొమ్మలే అనుకుని తడుముకుంటూ నొక్కిన ఓ వరుసతో.

సాయంత్రానికల్లా అంబర్‌పేటలో షుగరున్న ముత్యాలు ఇంటికి సంచుల కొద్దీ అరటిపళ్లు చేరాయి.