షెల్బీ మొదటి నడక, పన్నెండు రొట్టెలు

"గుర్రం కరిస్తే? కరవకపోయినా తంతే? తన్నకపోయినా, నువ్వే ఆకలికి కళ్లు తిరిగి పడిపోతే?" అంది మేవిస్, పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే.

"అవి నా నడుం దాకా రాని పొట్టి గుర్రాలమ్మా! నువ్వు మాత్రం కొండ మీదికి రాకు, నీకు పుణ్యముంటుంది" అంది కూతురు షెల్బీ, బూట్లు బిగించుకుంటూ.

ఆ రోజు, అడవి గుర్రాలు తిరిగే కొండ పార్కులో షెల్బీ పదిమంది సందర్శకులను కొండెక్కించి చూపించాలి. పెద్ద రేంజరు ఫిప్స్ వెనకే నడుస్తూ చూస్తాడు. ఆయన మెచ్చితేనే ఉద్యోగం.

షెల్బీ టోపీ తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లగానే మేవిస్ ఆమె సంచి అడుగున పన్నెండు రొట్టెలు కుక్కింది. ఉప్పులో ఊరేసి ఏడాది ఆరబెట్టిన పంది మాంసం పెట్టిన రొట్టెలవి. ఆ ఊళ్లో ఏ తల్లయినా ఆ పనే చేస్తుంది. తర్వాత కారేసుకుని తనూ కొండెక్కి, పొదల చాటున నక్కింది.

"మనం తిండి పెట్టకపోతే ఇవి మన జోలికి రావు" అని షెల్బీ సందర్శకులకు చెబుతుండగానే ఒక గుర్రం వచ్చి ఆమె సంచిలో మూతి పెట్టింది. ఉప్పంటే వాటికి ప్రాణం. దాని వెనక నాలుగొచ్చాయి.

"అయ్యో, నా పిల్లను తినేస్తున్నాయి!" అంటూ మేవిస్ పొదలోంచి దూకింది. అది చూసి జనం సంచులు వదిలేసి పక్కనున్న పెద్ద బండరాయి ఎక్కారు. వదిలేసిన సంచులన్నిటినీ గుర్రాలు విప్పుకున్నాయి. మేవిస్ ఫోన్ తీసి చర్చి స్నేహితులే నడిపే సహాయ దళాన్ని పిలిచింది. పిలుస్తూనే రాయి మీద జారి చీలమండ బెణికించుకుంది.

షెల్బీ కేక వేయలేదు. సంచులు మూసి చెట్టుకు వేలాడదీసింది, జనాన్ని బండ దించి దూరంగా నడిపించింది. గుర్రాలు గడ్డికి మళ్లాయి. గంటకు స్ట్రెచర్ వచ్చింది.

"కూతురికని పిలిచి నువ్వెక్కుతున్నావేం మేవిస్?" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

ఆమె ఫిప్స్ వైపు తల తిప్పి, "తప్పు నాదేనండీ, రొట్టెలు నేనే పెట్టాను, అది ఎరగదు. పిల్లకు ఉద్యోగం ఇస్తారా?" అంది.

ఫిప్స్ గుర్రాలను చూశాడు. జనాన్ని చూశాడు. స్ట్రెచర్‌ను చాలాసేపు చూశాడు.

"ఇస్తానమ్మా" అన్నాడు చివరికి. "గుర్రాలనూ జనాన్నీ అదుపు చేయడం చూశాను. మిమ్మల్ని అదుపు చేసే ఉద్యోగం మాత్రం మా దగ్గర లేదు."