శాంత హోటల్ ఫ్యాను క్రింద చీనా ఆపిల్ సమరము

ఋషికేశ్ అనువాడు పుట్టకున్నచో లోకమునకు వచ్చిన నష్టమేమియు లేదు. పుట్టినందువలన సిద్ధరాములునకు వాటిల్లిన నష్టము మాత్రము చెప్పిన తీరదు. అయినను చెప్పకతప్పదు. కావున, మగ్గముల మోతకు చెవులు సగమైన మహాజనులారా, కొంచెము దగ్గరకు జరిగి వినుడు!

ఫాల్గుణమాసమున, ప్రచండమార్తాండుడు షోలాపురము నడినెత్తిన నిప్పుల కుంపటి బోర్లించిన వేళ, పవర్‌లూముల ఖటఖటారావమునకు గోడలు సైతము గజగజలాడు దాజీ పేటలో, శాంత హోటల్ అను చాయ్ దుకాణమున, కూర్చుండుటకును గ్లాసులు పెట్టుటకును పనికివచ్చు నొక పొడవాటి టేకు బల్ల గలదు. ఆ బల్ల కుడికొనకు పైన, కప్పునుండి వ్రేలాడు నొక ఫ్యాను గలదు. అది తిరుగునప్పుడు మూలుగును, మూలిగినను తిరుగును. దాని క్రింది చోటే సిద్ధరాములు ఏలుబడిలోని సమస్త సామ్రాజ్యము.

ఐదవ తరగతిలోనే బడికి దండము పెట్టి, టర్కీ తువ్వాళ్ళు నేసి నేసి నడుము వంగి, కనుబొమలు దూదివలె నెరసిన ఆ తంతుసంధానధురంధరుడు, షిఫ్టు దిగి వచ్చి, తడిసిన చొక్కాను ఆ గాలికి అప్పగించి కూర్చుండు అరగంటయే వానికి బ్రదుకున దక్కిన స్వర్గము. సేటు మాట యిచ్చి మరచెను. సర్కారు కాగితమిచ్చి మరచెను. ఆ ఫ్యాను ఒక్కటే ఏనాడును మాట తప్పలేదు.

అయితే ఆ హోటలున నొక కట్టడి గలదు. కార్ఖానాలో గుడ్డమీది తప్పు ఎవరిదను తగవు పుట్టినచో, ఆ గుడ్డను బల్లపై పరచి నలుగురు చూతురు, హోటలు నడుపు శాంత తీర్పు చెప్పును. ఓడినవాడు లేచి, గెలిచినవానికి ఫ్యానుక్రింద చోటీయవలెను. గుడ్డకై పుట్టిన ఆ న్యాయము మెల్లగా లోకములోని సకల తగవులకును ప్రాకెను. గెలిచినవాని చోటు మరుసటి తగవుదాక వానిదే.

అట్టి వేళ, పగలెల్ల ఏసీ గదిలో కంప్యూటరు ముందర కూర్చుండి తువ్వాళ్ళకు బొమ్మలు గీయు మౌసుమాత్రాయుధుడు, చల్లదనము చాలక పేదవాని ఫ్యానుపై సైతము కన్నువేసిన దురాశాధురీణుడు, ఋషికేశ్ వచ్చెను. వాని భుజముపై, ఎగుమతికి పనికిరాక త్రోసివేయబడిన రెండు నాపాసు తువ్వాళ్ళు. చేతిలో నొక సంత్రా.

"మామా, దీన్ని హాలండ్ల, జర్మనీల ఏమంటరో ఎరుకేనా?" అనెను తొక్క వలచుచు. "చీనా ఆపిల్ అంటరు."

సిద్ధరాములు చేతిలోని చాయ్ గ్లాసు పెదవికిని బల్లకును నడుమ నిలిచిపోయెను. ప్రళయకాలమేఘమువలె గొంతు సవరించుకొని ఇట్లు గర్జించెను:

"అరే పోరగా! సంత్రా అంటే నాగ్‌పూర్! నాగ్‌పూర్ అంటే సంత్రా! చీనాకు దీనికి ఏం చుట్టరికంరా? ఆపిల్‌కు తొనలుంటయా? రేపు నా మగ్గాన్ని జూపి చీనా గుర్రం అంటవు. గుర్రమెక్కి ఊరేగుమంటవు!"

"నేనంటలేను మామా, తువ్వాలే అంటున్నది," అని వాడు రెండు తువ్వాళ్ళను బల్లపై పరచెను. రెంటిమీదను నారింజపండు బొమ్మయే. హాలండు తువ్వాలున బొమ్మ క్రింద 'సీనాస్‌ఆపెల్' అనియు, జర్మనీ తువ్వాలున 'ఆప్ఫెల్‌సీనె' అనియు నేత. "సీనా అంటే చీనా. ఆపెల్, ఆప్ఫెల్ అంటే ఆపిల్. ఆ దేశాలోళ్ళకు బాగ ఎరుకైన పండు ఆపిలే. ఓడలల్ల కొత్త పండు దిగితె, ఇది చీనా నుంచి వచ్చిన ఆపిల్ అన్నరు. హాలండోళ్ళు ఆలుగడ్డను గూడ భూమి ఆపిల్ అంటరు, ఎరుకనా?"

సిద్ధరాములు తువ్వాళ్ళపైకి వంగెను. అక్షరములు కూడబలుక్కొనుటకు వానికి కొంత తడవు పట్టినను, నేతగాని కన్నున కొకటి చప్పున చిక్కెను. ఒకదానిమీద సీనా ముందు. రెండవదానిమీద ఆపిల్ ముందు! టర్కీ తువ్వాలునకు సీదా పక్క ఉల్టా పక్క రెండును గలవు. ఉల్టా పక్కన కుడి ఎడమగును, ఎడమ కుడియగును. ఇది తెలియక వీడు నమూనాలు గీయుచున్నాడా! శత్రువు కవచమున చిల్లు గాంచిన యోధునివలె వాని ఒడలు పులకరించెను.

"దొరికిండు దొంగ! శాంతా, ఇటు రా! ఒకే పేరురా ఇది, ఒక తువ్వాలును ఉల్టా పరిచి నన్ను పాగల్ జేస్తున్నవా?" అని కేక వైచి, జర్మనీ తువ్వాలును కొనలు పట్టి గాలిలో నెగురవేసి ధబాలున బోర్లించెను.

అక్షరములన్నియు అద్దములో ముఖము చూచుకొన్నట్లు తిరగబడి, ఒక్కటియు చదువరాక, వానిని వెక్కిరించుచు నిలిచెను. అనగా ఇంతదాక పరచినది సీదాయే. తల నెరయుదాక సీదా ఉల్టా తెలిసిన చేయి నలుగురి నడుమ తప్పెను. వాని చెవులు వేడెక్కెను. ఆ వేడికి ఫ్యాను గాలి చాలలేదు.

"ఉల్టా నేను పరచలే మామా," అనెను ఋషికేశ్ నవ్వాపుకొని. "ఆళ్ళే పేరును ఉల్టా సీదా జేస్కున్నరు. హాలండోడు చీనా ముందట పెట్టె, జర్మనోడు ఆపిల్ ముందట పెట్టె. స్వీడన్, డెన్మార్క్ గూడ జర్మనోని తీరే, ఆపెల్సీన్ అంటరు. ఇగ లే మామా."

"ఆళ్ళు ఏమన్న అననీ! తెలుగు నోట చీనా అని ఎన్నడన్న వచ్చిందా?"

అప్పుడు, కట్టిన బీడీల చాట చంక బెట్టుకొని చాయ్ త్రాగుచున్న పార్వతీబాయి, ఎవరును పిలువకయే రణరంగమున అడుగిడెను.

"వచ్చింది తియ్యి సిద్ధన్నా. మా తోటికోడలు ధర్మవరం పిల్ల గాదా? ఆళ్ళ దిక్కు బత్తాయిని చీనీకాయ అంటరు. మేం నవ్వితె మమ్మల్నే తిడ్తది."

హా! శత్రుబాణము తగిలిన మానునేమో గాని, స్వపక్షమునుండి వచ్చిన ఆ దెబ్బకు మందేది? సిద్ధరాములు మోకాళ్ళపై చేతులానించెను. లేవబోయెను. తొడలు బల్లనుండి వ్రేలెడు లేచెను కూడ. ఇక రేపటినుండి తన చోటు గల్లా ప్రక్కన, ఉడుకుచున్న చాయ్ పొయ్యికి ఎదురుగా, ఆ పొగలో, తడి చొక్కాతో... ఆ తలంపే వానిని మరల కూలవైచెను.

"ఆగు. ఒక్కటి అడుగుత. ఇంగ్లీషోడు ఏమంటడు?"

"ఆరెంజ్ అంటడు."

"అండ్ల చీనా ఏదిరా? ఆపిల్ ఏదిరా?"

ఋషికేశ్ తొన నమలుట మానెను. దురాశాపరుడే గాని అబద్ధమాడువాడు కాడు. వానిపై ఇన్ని నిందలు మోపిన నేను ఇంతమాత్రము ఒప్పుకొనకతప్పదు.

"అది... మన దిక్కుకెల్లి పోయిందే మామా. నారంగం అని సంస్కృతంల ఉన్నది, మన నారింజ గదే. పారశీకపోళ్ళు, అరబ్బులు, ఫ్రెంచోళ్ళు ఒకలి నోట్లకెల్లి ఒకలు తీస్కపోతె ఆఖరికి ఇంగ్లీషోడు ఆరెంజ్ అన్నడు."

"ఇంగ్లీషోడు జర్మనోనికి ఏమైతడు?"

"చుట్టమే. ఒక్క ఇంటి బాసలే."

"విన్నవా శాంతా!" అని సిద్ధరాములు బల్ల చరచెను, గ్లాసులు గంతులు వైచెను. "ఆ ఇంటోళ్ళల్ల ఒకడు మన పేరు పెట్టుకున్నడు! ఒకడున్నా ఉన్నట్టే!"

శాంత పొయ్యి తగ్గించి, గరిట పట్టుకొని వచ్చి, ఇరువురిని ఎగాదిగా చూచెను.

"ఇద్దరు అరుస్తుంటె నా పాలు పొంగినయ్. సిద్ధన్నా, ఆ ఇంట్ల శానమంది చీనా దిక్కే ఉన్నరు, గందుకే నువ్వు ఓడినవ్. ఒకడు నీ దిక్కున్నడు, గందుకే లేవకు. జర జరుగు, చాలు. ఏయ్ ఋషికేశ్, బక్కోనివే గద, సందుల కూసో. ఆ సంత్రాల సగం మామకియ్యి."

విజయదుందుభులు మ్రోగవలసినచోట చాయ్ గిన్నె మూత మ్రోగెను. బల్ల విడువని మహావీరుడు, చీనా సైన్యములు చుట్టుముట్టినను ఆసనము నుండి వ్రేలెడుకన్న ఎక్కువ లేవని ధీరుడు, సగము సంత్రా గెలుచుకొని, ఎడమకు జరిగి కూర్చుండెను. సంత్రా పుల్లగానుండెను, ఆ మాట వాడెవరికిని చెప్పలేదు. ఫ్యాను గాలి ఋషికేశ్ జుట్టును దువ్వి, మిగిలినది సిద్ధరాములు కుడిభుజమునకు తగులుచుండెను. కుడిభుజము ఆరెను. ఎడమది ఆరలేదు.

సిద్ధరాములు పోగొట్టుకొన్న భూమి: టేకు బల్లపై, ఫ్యాను వైపు, జానెడు మీద నాలుగు వ్రేళ్ళు.