ఆరేళ్ల ప్రేమ్‌చంద్ సాహెబు

రాష్ట్రంలో ఇకపై ఏ బిడ్డా ఏడవడానికి వీల్లేదని మంత్రిగారు రాయపూర్‌లో ప్రకటించారు. ఊరికే ప్రకటించి ఊరుకునే మనిషి కాదు. పిల్లల సంక్షేమ శిక్షకులకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఒకటి ఆ ఊళ్లోనే మోవా పేటలో కట్టించారు. శిక్షకుల నైపుణ్యం పెంచే పుస్తకాలు, వీడియోలు, నెలనెలా వార్తలు మోసుకొచ్చే న్యూస్‌లెటర్, అన్నీ అక్కడే పుడతాయి. ఇంత పనికి ఆటంకం రాకూడదని గేటుకి పెద్ద బోర్డు కూడా పెట్టారు: ‘పిల్లలకు ప్రవేశం లేదు.’

ఆ బోర్డు దగ్గరే షారోన్ ఆగిపోయింది. చంకలో మూడేళ్ల ప్రియాంక. రైల్వేలో పనిచేసే భర్త ఆరోన్ డ్యూటీ మీద రైలు వెంట వెళ్లాడు, అత్తగారు సుశీలమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ. ఇంట్లో చూసే దిక్కు లేదు. ఈ మూడు రోజుల ట్రైనింగ్ పూర్తిచెయ్యకపోతే శిక్షకురాలిగా షారోన్ కాంట్రాక్టు రెన్యువల్ కాదు.

“రూలు రూలేనమ్మా. పిల్ల నాకాడుంటాది, నువ్వెల్లు,” అన్నాడు వాచ్‌మన్ నూకరాజు. స్టూలు పిల్లకిచ్చి తను నిలబడ్డాడు.

లోపల మొదటి పాఠం ‘బిడ్డ మాట వినడం’. రోల్‌ప్లే చెయ్యాలి. బిడ్డ వేషం ఎవరికివ్వాలన్న దగ్గర చర్చ చాలాసేపు సాగింది. శిక్షణ అంతటికీ బిడ్డే ముఖ్యమని పుస్తకంలో ఉంది. అంత ముఖ్యమైన స్థానంలో జూనియర్‌ని కూర్చోబెడితే ప్రోటోకాల్ ఏం కాను? చివరికి, వచ్చే నెల రిటైర్ కాబోతున్న జాయింట్ డైరెక్టర్ ప్రేమ్‌చంద్ సాహెబు పెద్దమనసు చేసుకుని బిడ్డ అయ్యారు. ‘వయసు: 6’ అని చొక్కాకి బ్యాడ్జి పెట్టారు.

అందరూ ఆయన మాట అద్భుతంగా విన్నారు. ఉక్క అన్నారని ఏసీ పెంచారు. అలిగారని సమోసా తెప్పించారు. అప్పుడు షారోన్ లేచింది. గేటు బయట నిజం పాప ఒకతె ఎండలో ఉందని, ఏదో మూల కూర్చోనిస్తే చాలని వేడుకుంది.

“నిజం పాపా?” కోఆర్డినేటర్ పూర్ణిమ మేడమ్ పుస్తకం అటూ ఇటూ తిరగేసింది. “అది అడ్వాన్స్‌డ్ కోర్సులో వస్తుంది. మనది ఫౌండేషన్.”

మూడో రోజు మంత్రిగారు వచ్చేసరికి సాహెబు పాత్రలో పూర్తిగా మునిగిపోయి ఉన్నారు. అన్నం కూడా కలిపి పెడితేనే తింటున్నారు. మంత్రిగారు వంగి, ఆయన గడ్డం పట్టుకున్నారు.

“నీకేం కావాలి, బాబూ?”

“నన్నిక్కణ్ణించి పంపించెయ్యొద్దు,” అన్నారు సాహెబు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి మాత్రం నటన కాదు.

మంత్రిగారు చలించిపోయారు. “పద్దెనిమిది నిండేదాకా నిన్నెవరు పంపిస్తారు?”

మంత్రి నోటి మాటంటే ఆర్డరే. సాయంత్రానికి టైపయింది. సాహెబు వయసు ఆరు గనక ఇంకో పన్నెండేళ్లు ఆయన సర్వీసులోనే ఉంటారు. ఆయన గదిని ప్లేరూమ్ చేశారు. గేటు బోర్డు ఆయనకి వర్తించదని మినహాయింపు ఇచ్చారు. న్యూస్‌లెటర్ మొదటి పేజీలో సమోసాతో సహా ఆయన ఫోటో పడింది.

షారోన్ కాంట్రాక్టు కూడా రెన్యువల్ అయింది. షరతు ఒక్కటే: భోజనమయ్యాక బిడ్డని నిద్రపుచ్చాలి. తెలుగు జోలపాట తనకి పడుతుందని సాహెబే స్వయంగా సిఫారసు చేశారు.

రోజూ మధ్యాహ్నం షారోన్ ప్లేరూమ్‌లో కూర్చుని పాడుతుంది. ఏసీ పోతుందని కిటికీలు మూసేస్తారు. అందుకని ఆమె కాస్త గొంతు పెంచుతుంది.

“మెల్లిగా,” అంటారు సాహెబు కళ్లు తెరవకుండానే.

గేటు బయట ప్రియాంక స్టూలు మీద ముడుచుకుని పడుకుంటుంది. బోర్డు నీడ ఎటు జరిగితే నూకరాజు అటు స్టూలు జరుపుతుంటాడు.