త్రినాథరావు మెడకు వావిలాకు

పొద్దున్నే లేచి, తలంటు పోసుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని, పాశమైలారంలోని తన ఫ్యాక్టరీకి అందరికంటే ముందు చేరాలని త్రినాథరావు రాత్రే నిర్ణయించుకుని పడుకున్నాడు. అనుకున్నట్టే లేచాడు. మెడ మాత్రం అతనితో కలిసి రాలేదు. అది కుడివైపు తిరిగి, గోడ మీది క్యాలెండరును చూస్తూ అలాగే ఉండిపోయింది. ఎడమవైపుకు తిప్పబోతే ప్రాణం పోయినంత పనయింది.

"అన్నపూర్ణా!" అని క్యాలెండరుకు వినపడేలా కేక పెట్టాడు.

అన్నపూర్ణ వంటింట్లోంచి వచ్చి అతని ఎడమపక్కన నిలబడింది. "ఇక్కడున్నానండీ. పిలిచి అటు చూస్తారేం?"

"సరదాకి చూస్తున్నానా? మెడ పట్టేసిందే! ఇన్ని రోజులుండగా దీనికి ఇవాళే దొరికిందా?"

ఇవాళ అనడానికి కారణం ఉంది. ఎప్పుడో తుని నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి, కిష్టారెడ్డిపేటలో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డ త్రినాథరావు, నొప్పి మాత్రలు తయారుచేసే ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు. ఆ మాత్రలు కొనే పెద్ద కంపెనీ తరఫున ఒకావిడ ఈ మధ్యాహ్నం తనిఖీకి వస్తోంది. ప్లాంట్ హెడ్ హరినాథ్ వారం నుంచీ ఒకటే పాట పాడుతున్నాడు. "ఈ ఆడిట్ గట్టెక్కించావా, సేఫ్టీ మేనేజర్‌వి. తేడా వచ్చిందా, హత్నూర గోడౌన్‌లో డ్రమ్ములు చూసుకుంటూ కూర్చుంటావ్." హత్నూర మంచి ఊరే, అక్కడి మనుషులూ మంచివాళ్లే. కానీ రోజూ అంతదూరం బస్సుల్లో పడి వెళ్లి, మాట్లాడే దిక్కులేక డ్రమ్ముల మధ్య కూర్చోవడం తలుచుకుంటేనే త్రినాథరావుకు దిగులు పుట్టుకొచ్చేది.

సొంత కంపెనీ మాత్ర ఒకటి వేసుకున్నాడు. కాసేపు చూశాడు. మెడ కంపెనీ పరువు తీసింది.

"పాలు పోసే సత్తెమ్మ చెప్పిందే, పాత ఊళ్లో వెంకటేశం తాత అని, పసరు వేసి కడతాడట. పదండి," అంది అన్నపూర్ణ.

"నీకేమైనా మతి పోయిందా? నొప్పి మాత్రల కంపెనీ వాడిని, ఆకుపసరు కట్టించుకుని తిరిగితే నలుగురూ నవ్వరూ?"

"తనిఖీకొచ్చిన ఆవిడ ఒకవైపుంటే మీరు గోడకేసి చూస్తూ లెక్చరిస్తే నవ్వరా?"

త్రినాథరావు చెప్పులేసుకున్నాడు.

వెంకటేశం అరుగు మీద కూర్చుని రోట్లో ఏదో నూరుతున్నాడు. లేవకుండానే త్రినాథరావును కూర్చోబెట్టి, మెడ మీద బొటనవేలితో ఒక చోట నొక్కాడు. త్రినాథరావు కెవ్వుమన్నాడు.

"గీడనే ఉన్నది. నరం పట్టుకున్నది సారూ, పరేషాన్ గాకుండ్రి," అంటూ వావిలాకు, వెల్లుల్లి, వాము కలిపి నూరిన ముద్దను ఆముదంలో వెచ్చచేయసాగాడు. ఆ వాసనకు అరుగు మీది పిల్లి లేచి వెళ్లిపోయింది.

"ఈ వైద్యం మీకెలా వచ్చింది తాతా?" అని అడిగింది అన్నపూర్ణ.

"మా తాతకు ఒక గోసాయి చెప్పిండమ్మా. నర్సాపూర్ అడవిల జ్వరమొచ్చి పడున్నడంట, మా తాత ఇంటికి తెచ్చి గంజి తాపిండు. లేచి పొయ్యేటప్పుడు ఆకులన్నీ చూపెట్టి పోయిండు. బాలింతలకు వావిలాకు నీళ్లు, ఇరిగిన బొక్కలకు నల్లేరు, జ్వరానికి తిప్పతీగ. గాయన చెప్పిందే మా నాయన చేసిండు, నేను జేస్తున్న." వెంకటేశం ముద్దను మెడ చుట్టూ పట్టించి గుడ్డతో బిగించి కట్టాడు. "మీ అపార్టుమెంటున్న జాగ లేదూ, అండ్లనే ఉండె వావిలి పొదలు. ఇప్పుడు ఆకు గావాల్నంటే అడవి దాక పోవాల్సొస్తుంది."

లిఫ్టూ కార్ పార్కింగూ చూసి మురిసిపోయి కొన్న ఫ్లాటు గురించి త్రినాథరావు మొదటిసారి కాస్త సిగ్గుపడ్డాడు.

"ఒక పథ్యం ఉన్నది," అన్నాడు వెంకటేశం. "పొద్దు నడినెత్తికొచ్చే దాక నోట్లకెళ్లి ఒక్క మాట రావొద్దు."

"వస్తే?"

"మొదటి మాట ఎవలింటరో, నొప్పి ఆళ్ల మెడకు పోతది."

త్రినాథరావుకు నవ్వొచ్చింది గానీ, నవ్వితే మెడ గుంజుతుందని ఊరుకున్నాడు. అన్నపూర్ణ మాత్రం నవ్వలేదు. ఇంట్లో అతని మొదటి మాట ఎప్పుడూ ఆమె చెవినే పడుతుంది మరి! "మన అమ్మాయి మీద ఒట్టేయండి, మధ్యాహ్నం దాకా నోరు విప్పనని," అంది. తనిఖీ ఎలాగూ భోజనాల తర్వాతే కదా, అప్పటిదాకా తన గదిలో నోరు మూసుకు కూర్చుంటే సరిపోతుందని త్రినాథరావు ఆమె చేతిలో చెయ్యి వేశాడు. అక్కడితో అతని నోటికి తాళం పడింది.

కట్టు కనపడకుండా మండుటెండలో మఫ్లరు చుట్టుకున్నాడు. ఆటో అతనికి అడ్రసు అన్నపూర్ణే చెప్పింది. ఆటో పటాన్‌చెరు దాటేసరికి ఎండ మఫ్లరు మీద పనిచేయడం మొదలుపెట్టింది. వెల్లుల్లి, వాము ఘాటు గడ్డం కిందనుంచి ఎగదన్ని కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. ముక్కు ఎర్రబడింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగేసరికి పసరు ఒక ధారగా కాలరు మీదికి దిగుతోంది.

లోపలికి సెల్‌ఫోన్లు తీసుకెళ్లకూడదన్న రూలు త్రినాథరావు పెట్టిందే కాబట్టి ఫోను గేటు దగ్గరి పెట్టెలో పడేశాడు. గార్డు పోచయ్య సెల్యూట్ కొట్టాడు. "గుడ్ మార్నింగ్ సార్! ఆడిట్ మేడం జల్దీనే వచ్చేసింది. పెద్దసార్ గదిల కూసున్నది. మిమ్ముల అడుగుతున్నరు."

త్రినాథరావు "ఎప్పుడు?" అనబోయి, ఒట్టు గుర్తొచ్చి, బయటికొచ్చిన గాలిని లోపలికే మింగేశాడు. చెయ్యి దానంతటదే గొంతు మీదికి వెళ్లింది.

"ఏమైంది సార్? మాట వస్తలేదా?" పోచయ్య దగ్గరికొచ్చి మొహంలోకి చూశాడు. నీళ్లు కారే కళ్లు. ఎర్రటి ముక్కు. కదలని మెడ. ఘాటు వాసన.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పోయిన నెలలోనే త్రినాథరావు గార్డులందరినీ కూర్చోబెట్టి శిక్షణ ఇచ్చాడు. మనిషికి మాట పడిపోయి, కళ్ల వెంట నీళ్లు కారుతూ, మెడ బిగుసుకుపోతే గ్యాస్ పీల్చాడని అర్థం. ముందు సైరన్, తర్వాతే ప్రశ్నలు. "ఇంకో ముఖ్యమైన విషయం," అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. "బాధితుడు నాకేం కాలేదని చేతులూపుతాడు. అస్సలు నమ్మొద్దు. మత్తులో ఉంటాడు." ఆ రోజు అందరూ కునికిపాట్లు పడుతుంటే పోచయ్య ఒక్కడే కళ్లు విప్పార్చుకుని విన్నాడు.

త్రినాథరావు నాకేం కాలేదని రెండు చేతులూ ఊపాడు.

పోచయ్య సైరన్ నొక్కాడు.

ఆ మోత వింటూనే బిహారు కుర్రాళ్లు "భాగో! భాగో!" అంటూ షెడ్డులోంచి బయటికి ఉరికారు. ప్యాకింగులోని ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని వాళ్ల వెనక వచ్చారు. వీళ్ల పరుగు చూసి పక్క ఫ్యాక్టరీవాళ్లు తమ సైరన్ మోగించారు. అది విని ఆ పక్కవాళ్లూ మోగించారు. రోడ్డు మీది టీకొట్టతను స్టవ్వు ఆర్పి, మరుగుతున్న టీ గిన్నెతో సహా పరుగెత్తాడు. గాలిలో నిజంగానే ఏదో ఘాటు వాసన తగులుతోందని గేటు దగ్గరున్నవాళ్లంతా ఒట్టేసి చెప్పారు. అబద్ధం కాదు, త్రినాథరావు వాళ్ల మధ్యలోనే ఉన్నాడు.

అతన్ని స్ట్రెచరు మీద పడుకోబెట్టి మొహానికి ఆక్సిజన్ మాస్కు తగిలించారు. ఓ దేవుడా, ఇదేం ఖర్మ అనుకుంటూ త్రినాథరావు వేళ్లతో గాలిలో రాసి చూపించాడు, కలం ఇస్తే నాలుగు ముక్కలు రాస్తానని.

పోచయ్య కళ్లు చెమర్చాయి. "వీలునామా రాస్తడంట! వద్దు సార్, గట్ల అనుకోవద్దు. మీకేం గాదు, నేనున్న." అని ఆ చేతుల్ని స్ట్రెచరుకు మెత్తగా, గట్టిగా కట్టేశాడు.

గేటు దగ్గర పెట్టెలో ఫోను అదేపనిగా మోగుతోంది. పాశమైలారంలో గ్యాస్ లీకయిందన్న కబురు అపార్టుమెంటు వాట్సాప్‌లోకి చేరిపోయింది మరి. ఎంతకీ ఎత్తకపోయేసరికి అన్నపూర్ణ పొయ్యి మీది పప్పు సంగతి కూడా మరిచి ఆటో ఎక్కింది.

అప్పుడే హరినాథ్, తనిఖీకి వచ్చిన కృష్ణప్రియ మెట్లు దిగి వచ్చారు. "మా దగ్గర ఎప్పుడూ ఇలా జరగదు మేడం, ఇదే మొదటిసారి, అసలు మా ప్లాంటులో చీమ తుమ్మినా మాకు..." అని హరినాథ్ ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. హరినాథ్ ఏదైనా చెప్పడం మొదలుపెడితే ఆగడు. ఉదయం మీటింగు అంటే ఆయనొక్కడే మధ్యాహ్నం దాకా మాట్లాడటం.

పోచయ్య మఫ్లరు విప్పాడు. గుడ్డ పక్కకు జరిగింది. కింద మెడంతా ఆకుపచ్చగా ఉంది.

"అమ్మో! కెమికల్ పడ్డది! తోలు రంగు మారింది! షవర్ కిందికి పట్టుండ్రి!"

ఒంటి మీద రసాయనం పడితే క్షణం ఆలస్యం చేయకుండా షవరు కింద నిలబెట్టాలని చెప్పిందీ త్రినాథరావే. నలుగురు కట్లు విప్పి అతన్ని లేపి, పెద్ద షవరు కింద నిలబెట్టి గొలుసు లాగారు. కుండపోతగా నీళ్లు పడ్డాయి. వావిలాకు ముద్ద చొక్కా మీదుగా జారి, బూట్ల మీద పడి, కాలవలోకి కొట్టుకుపోతోంది. పొద్దుటి నుంచీ ఇంత నరకం పడింది ఈ ఆకు కోసమా? త్రినాథరావుకు దుఃఖం, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. మొహం మీది మాస్కు పీకేసి ఎదురుగా ఉన్న హరినాథ్ మొహం మీదే అరిచాడు.

"ఆపండయ్యా! అది గ్యాసూ కాదు గాడిదగుడ్డూ కాదు, వావిలాకు!"

ఆ కేకకు హరినాథ్ అదిరిపడి ఒక్క ఉదుటున మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎవరో షవరు కట్టేశారు.

జరిగిందంతా త్రినాథరావు తడిబట్టలతో, తల ఎత్తకుండా చెప్పాడు. మెడ పట్టేయడం, పసరు కట్టు, ఒట్టు, అన్నీ చెప్పాడు. బిహారు కుర్రాళ్లకు ఎవరో హిందీలో వివరిస్తే మొదట ఒకడు నవ్వాడు, తర్వాత రోడ్డంతా నవ్వింది. హరినాథ్ మాత్రం నవ్వలేదు.

"మూడు ఫ్యాక్టరీలు ఆగిపోయాయి! ఆకుల వల్ల! త్రినాథరావ్, నువ్వు రేపే హత్నూర..."

"ఒక్క నిమిషం," అంది కృష్ణప్రియ. అంతసేపూ ఆమె నవ్వాపుకుంటూ పోచయ్యనే చూస్తోంది. "నేను చాలా ఫ్యాక్టరీలు చూశాను హరినాథ్ గారూ. కాగితాల మీద అందరి సేఫ్టీ బ్రహ్మాండంగానే ఉంటుంది. ట్రైనింగ్ ఇచ్చిన ఆఫీసరే వద్దు వద్దని మొత్తుకుంటున్నా వినకుండా, ఆ ట్రైనింగ్ ప్రకారమే ఆయన్ని కట్టేసిన గార్డును మాత్రం ఎక్కడా చూడలేదు. సైరన్ మోగాక లోపల ఒక్క మనిషి మిగల్లేదు. ఇంత బాగా నేర్పినవాణ్ణి గోడౌన్‌కు పంపితే నేనేమని రాసుకోవాలి?"

"సార్ చెప్పిందే చేసిన మేడం," అన్నాడు పోచయ్య సిగ్గుపడుతూ.

త్రినాథరావుకు ఏడుపొచ్చినంత సంతోషమయింది. కృతజ్ఞతగా ఆమెకు దండం పెట్టాడు. పోచయ్య భుజం తట్టాడు. గేటులోంచి ఏడుస్తూ పరుగెత్తుకొస్తున్న అన్నపూర్ణకు చెయ్యి ఊపాడు. ఆమె ఒకవైపు, మేడం ఒకవైపు, పోచయ్య ఇంకోవైపు. అప్పుడు తట్టింది, తన మెడ నాలుగువైపులా తిరుగుతోందని.

"అన్నపూర్ణా, తగ్గిపోయిందే!"

ఆమె కళ్లు తుడుచుకుంది. మరుక్షణం మొహం మారింది. "మాట్లాడేశారా? సూర్యుడింకా నడినెత్తికి రాలేదు! మొదటి మాట ఎవరు విన్నారండీ?"

అందరూ హరినాథ్ వైపు తిరిగారు. ఆయన గేటు వైపు చూస్తున్నాడు.

"సార్, మేడం ఇటున్నారు," అన్నాడు త్రినాథరావు మెల్లగా.

"తెలుసు," అన్నాడు హరినాథ్, గేటు వైపే చూస్తూ.

హరినాథ్ కంపెనీ మాత్రలు రెండు రకాలు వేసుకున్నాడు. ఆకులూ అలమలూ ఈ కాలంలో ఏమిటని రాత్రి దాకా వాదించాడు. మర్నాడు తెల్లవారకముందే త్రినాథరావు ఇంటికి ఫోను చేసి, ఆ వెంకటేశం తాత ఇల్లెక్కడని చాలా చిన్న గొంతుతో అడిగాడు.

ఆ ఉదయం మీటింగుకు ప్లాంట్ హెడ్ మఫ్లరు చుట్టుకుని వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా కూర్చున్నాడు, టీ చల్లారకముందే పనంతా తేలిపోయింది.