దురదగొండి పథకం

ఒక పెద్ద అడవిలో, అప్పటికింకా పెద్దదే, చెట్లు కొట్టేవాళ్ళు ఎవరూ లేరు. కొట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. అందుకే ఆ అడవి పేరు బయట ఎవరికీ తెలీదు.

కొండల అవతల గాడిదల పట్నం ఉంది. గాడిదలకి దోమలంటే పడదు. పగలూ రాత్రీ తడిగడ్డి పొగ వేసుకుంటాయి. పొగ పెరిగి పెరిగి ఆకాశాన్ని కమ్మేసింది. గాడిదలకి దగ్గు పట్టుకుంది. “పోనీ, పొగ ఆపుదామా?” అంది ఒక గాడిద. మిగతావి దాన్ని జాలిగా చూశాయి.

ఆలోచించి ఆలోచించి ఒకటి తేల్చాయి. పొగని చెట్లు మింగుతాయి. మన దగ్గర చెట్లు లేవు. ఉన్నవాళ్ళని ఉంచుకోమందాం. ఏ అడవి చెట్లు కొట్టడం తగ్గిస్తే ఆ అడవికి బండ్లకొద్దీ బెల్లం పంపుదాం. మన పొగ మనం వేసుకుందాం.

ఆ కబురు మోసుకుని కొంగ వచ్చాడు. తెల్లటి ఒళ్ళు, పొడుగు మెడ, మడత నలగని రెక్కలు. వచ్చీ రాగానే అడవి సభకి సలహాదారు అయిపోయాడు. ఎవరు వేశారో ఎవరికీ గుర్తులేదు.

సభకి అధ్యక్షుడు ఎలుగుబంటి. సభ మొదలవగానే నిద్రపోవడం ఆయన అలవాటు. బెల్లం అన్న మాట చెవిన పడి లేచాడు.

“ఎప్పుడొస్తుంది?” అన్నాడు.

“మీరు చెట్లు కొట్టడం తగ్గించగానే.”

“మేం కొట్టనే కొట్టం కదయ్యా.”

కొంగ ఒంటికాలి మీద నిలబడి నిట్టూర్చాడు. “అదే మీతో వచ్చిన చిక్కు. కొట్టనివాళ్ళు తగ్గించేదెలా? పక్క అడవిలో పందికొక్కులు సగం అడవి కొరికేశాయి. ఇప్పుడు కాస్త నెమ్మదిగా కొరుకుతున్నాయి. వాళ్ళకి బెల్లమే బెల్లం. మీరేమో బాగా వెనకబడి ఉన్నారు.”

సభ సిగ్గుతో తల దించుకుంది.

“ఇన్నాళ్ళూ ఏం చేశార్రా మీరంతా?” అని అధ్యక్షుడు అందరి మీదా అరిచాడు. తర్వాత మెల్లిగా కొంగ వైపు వంగాడు. “ఇప్పుడు మించిపోయిందేం లేదు కదా?”

“ఏం లేదు. ఈ వేసవంతా గట్టిగా కొట్టండి. వానలు పడ్డాక తగ్గించండి. అంతే.”

అంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు జంతువులు తమని తామే తిట్టుకున్నాయి. ఒక్క తాబేలు మాత్రం, “చెట్లు ఉంచినందుకు బెల్లం అన్నారు కదా, మరి...” అని మొదలుపెట్టింది. అది మాట పూర్తి చేసేలోపు సభ ముగిసింది.

చెట్టు పడెయ్యగలిగేది ఆ అడవిలో ఏనుగు ఒక్కడే. మనిషైతే దేవుడిలాంటి మనిషి అనేవాళ్ళం. ఎప్పుడో ఒకసారి వీపు దురదపెట్టి ఎండుచెట్టుకి రాసుకుంటే అది విరిగి పడింది. ఆ రోజంతా వాడు మేత ముట్టలేదు.

“దురద లేందే నేను చెట్టుకి ఆనుకోను అధ్యక్షా. ఉత్తినే పడేస్తే పాపం,” అన్నాడు ఏనుగు.

“అయితే దురద తెచ్చుకో.”

“ఎక్కణ్ణించి?”

కొంగ గొంతు సవరించుకున్నాడు. “దురద కూడా పథకంలో భాగమే.”

కోతుల్ని పిలిచారు. అడవిలో చెట్ల మీదికి పాకే దురదగొండి తీగ బోలెడుంది. దాని కాయల నూగు తగిలితే చాలు, గోక్కోలేక చావాలి. కోతులు కాయలు కోసుకొచ్చి ఏనుగు వీపు ముడతల్లోకి దిగేలా రుద్దాయి. ఆ పని చేసిన కోతులు మూడు రోజులు ఒకదాన్నొకటి గోక్కుంటూ కూర్చున్నాయి. కోతులు ఎప్పుడూ చేసే పని అదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఏనుగు ఒక మద్దిచెట్టుకి ఆనుకున్నాడు. ఫెళఫెళమంటూ పడింది. “తప్పైపోయింది తల్లీ,” అని దండం పెట్టాడు. దురద తగ్గలేదు. ఇంకోదానికి ఆనుకున్నాడు. “తప్పైపోయింది తల్లీ.” ఇంకోటి.

అధ్యక్షుడు బండ మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. “శభాష్! ఎంత కొడితే అంత తగ్గించొచ్చు!”

అదే అడవి నడిమధ్యన ఒక పాత తాని చెట్టు ఉంది. అందులో ఏనుగు వీపంత ఎత్తున ఒక తొర్ర. తొర్రలో ఒక కొమ్ముపిట్ట. ముక్కు మీద ఇంకో ముక్కు మొలిచినట్టుండే పెద్ద పిట్టలు అవి. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట తొర్రలో దూరి, మట్టితో ద్వారం మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా బయటికి రాలేదు, ఎగరలేదు. మగపిట్ట పళ్ళు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు.

పడే చెట్ల చప్పుడు రోజురోజుకీ దగ్గరవుతోంది. లోపలున్న తల్లికి ఏం కనపడదు. అన్నీ వినపడతాయి.

“ఏమయ్యా, ఏంటది?”

“అభివృద్ధంట.”

“ఎంత దూరంలో?”

మగపిట్ట మేడిపండు అందించాడు. తల్లి పండు తినలేదు.

“వెళ్ళి చెప్పు,” అంది.

మగపిట్ట సభకి వెళ్ళాడు. “అయ్యా, మా ఆవిడ ఆ తాని చెట్టులో ఉంది. గుడ్లు కూడా ఉన్నాయి. ఆ ఒక్క చెట్టు వదిలెయ్యండి.”

కొంగ కనుబొమ్మలు ముడిచాడు. “చెట్ల గురించి బహిరంగ సభ పెట్టాం కదా. అభ్యంతరాలు చెప్పమన్నాం. మీ ఆవిడ వచ్చిందా?”

“తొర్రలో ఉంది సార్. ఎలా వస్తుంది?”

“రాలేదు కదా? రానివాళ్ళు ఒప్పుకున్నట్టే.”

“మరి నేనొచ్చాను కదండీ ఇప్పుడు.”

“నువ్వు చెట్టులో ఉండట్లేదు కదయ్యా. నీకేం సంబంధం?”

మగపిట్ట ఖాళీ ముక్కుతో తిరిగొచ్చాడు. తల్లి గుడ్ల మీద ఇంకాస్త దగ్గరగా సర్దుకు కూర్చుంది.

తొలకరి పడింది. కొట్టడం ఆపాల్సిన రోజొచ్చింది. అధ్యక్షుడు ఏనుగుని పిలిపించాడు. “చాల్రా. ఇక తగ్గించు.”

“నేను తగ్గిస్తాను అధ్యక్షా. వీపు తగ్గించట్లేదు.”

దురద ఎప్పుడు ఆపాలో పథకంలో ఉంది. ఎలా ఆపాలో లేదు. బురద పూశారు. వానకి కారిపోయింది. అడవిదున్న చేత నాకించారు. దున్న నాలుక వాచింది. ఈలోగా అడవి నడుమ పెద్ద బయలు తేలింది. ఆ బయల్లో తాని చెట్టు ఒక్కటే మిగిలింది.

అప్పుడే కబురొచ్చింది. గాడిదలు తనిఖీకి గద్దని పంపిస్తున్నాయి. ఆ గద్ద కిందికి దిగడు. ఆకాశంలోంచే చూసి చెప్తాడు.

అధ్యక్షుడు కొంగ దగ్గరికి పరిగెత్తాడు. “బెల్లం పోయినట్టేనా?”

“పైనుంచి చూసేవాడికి పచ్చగా కనపడితే చాలు,” అన్నాడు కొంగ. “అందరూ తలో కొమ్మా పట్టుకుని బయల్లో నిలబడండి.”

కొమ్మలు కావాలి కదా. అందుకని బయలు అవతల మిగిలిన చెట్ల కొమ్మలన్నీ విరిచేశారు. ఎలుగుబంటి రెండు చేతులా టేకు కొమ్మలు పట్టుకున్నాడు. కుందేళ్ళు గడ్డి కప్పుకుని, “మేం పొదలం,” అన్నాయి. అడవిపంది నెత్తిన తీగలు చుట్టుకుని, “నేనే చెట్టునో చెప్పుకోండి చూద్దాం,” అంది. ఎవరూ చెప్పుకోలేకపోయారు. ఏనుగు మీద వెదురు గుబురు కట్టి గుట్టలా కూర్చోమన్నారు.

“ఎవరూ కదలకండి. దగ్గకండి,” అన్నాడు కొంగ.

జింకలతోనే వచ్చింది ఇబ్బంది. పక్కనున్న చెట్టుని తినడం మొదలుపెట్టాయి.

“ఒసేయ్, నా నెత్తిమీది అడవి తినకే!” అని కొండముచ్చు పళ్ళు బిగబట్టి అరిచాడు.

“ఆకలేస్తోంది బాబాయ్. పొద్దున్నించీ చెట్టుగా నిలబడ్డా.”

“నీది నువ్వు తిను!”

“అది అయిపోయింది.”

గద్ద నీడ బయలు మీద పడింది. అడవి మొత్తం ఊపిరి బిగబట్టింది.

సరిగ్గా అప్పుడే ఏనుగు వీపు మొదలెట్టింది.

వాడు ఓర్చుకున్నాడు. తోక బిగించాడు. తొండం కొరుక్కున్నాడు. వీపు మీది వెదురు కూడా గీరుకుంటోంది. ఇక వల్ల కాలేదు. గుట్ట లేచి నిలబడింది. బయల్లో ఆనుకోవడానికి ఒక్కటే నిజం చెట్టు ఉంది. గుట్ట దాని వైపు పరిగెత్తింది.

“ఆపండ్రా వాణ్ణి!” అని కొంగ గావుకేక పెట్టాడు. “మొన్నటిదాకా కొట్టొచ్చు, ఇవాళ కొట్టకూడదు!”

గుట్ట వెనక అడవంతా పరిగెత్తింది. టేకు చెట్టు తడబడి పడి లేచింది. పొదలు గెంతాయి. మగపిట్ట అందరికంటే ముందు ఎగిరి ఏనుగు కళ్ళ ముందు రెక్కలు కొట్టుకున్నాడు. “వద్దు బావా! లోపలుంది! లోపలుంది!”

ఏనుగు కళ్ళలో నీళ్ళు. “తప్పైపోయింది తల్లీ,” అని ముందే దండం పెట్టి, వెనక్కి తిరిగి, వీపు ఆనించాడు.

తాని చెట్టు వేళ్ళతో సహా కిర్రుమంది. తొర్రలో గుడ్లు దొర్లాయి. తల్లి వాటిని రెండు కాళ్ళతో అదిమిపట్టింది. సందులోంచి చూసింది. ఆకాశం కనపడాల్సిన చోట ఏనుగు వీపు.

ముక్కు బయటికి చాచింది. అది మామూలు ముక్కా మరి, జానెడు పొడుగు. గోకింది.

ఏనుగు ఆగిపోయాడు.

“ఇక్కడా?” అంది తల్లి.

“కొంచెం పైకి చెల్లెమ్మా.”

“ఇక్కడా?”

“ఆ... ఆ... అక్కడే... అమ్మో... బతికించావు.”

ఏనుగు చెవులు వాలిపోయాయి. చెట్టు మెల్లిగా నిటారుగా నిలబడింది. వెనక వచ్చిన అడవంతా చుట్టూ చేరి రొప్పుతూ చూసింది. వేసవి మొదలైన దగ్గర్నించీ వాడి వీపు గోకుదామని ఒక్కరికీ తట్టలేదు.

పైన గద్ద ఇదంతా చూశాడు. వెళ్ళి గాడిదలతో ఇలా చెప్పాడు: “అడవి ఉంది. పచ్చగా ఉంది. పరిగెత్తుతోంది కూడా. ఇంత ఆరోగ్యంగా ఉన్న అడవిని నేనెక్కడా చూళ్ళేదు. పైగా నా కళ్ళముందే ఒక చెట్టు కొట్టబోయి ఆపేశారు.”

గాడిదలు ఆనందం పట్టలేక ఇంకో నాలుగు చోట్ల పొగ వేసుకున్నాయి.

బెల్లం బండ్లు వచ్చాయి. నిర్వహణ కింద అధ్యక్షుడు తిన్నాడు. సలహా కింద కొంగ తిన్నాడు. కొట్టబోయి ఆగినందుకు ఏనుగుకి దండ వేసి ఒక పెద్ద దిమ్మ ఇచ్చారు. కొమ్ముపిట్ట సంగతి ఎవరో ఎత్తితే, “ఆవిడెప్పుడు కొట్టింది, ఆపడానికి?” అన్నాడు కొంగ.

ఏనుగు ఆ దిమ్మ తొండంతో పట్టుకుని తాని చెట్టు దగ్గరికి వచ్చాడు. “చెల్లెమ్మా, ఇది నీది.”

“బెల్లం వద్దులే అన్నా. రేపు రా.”

“రేపెందుకు?”

“గోకుతాను. ఎల్లుండీ రా. పిల్లలింకా గుడ్లలోనే ఉన్నారు.”

రోజూ వచ్చాడు. రోజూ గోకింది. గుడ్లు పగిలాయి. పిల్లలకి కళ్ళు తెరుచుకున్నాయి.

ఇది సభకి తెలిసింది. కొంగ మండిపడ్డాడు. “ఆవిడ అలా గోకితే వాడికి దురద ఉండదు. దురద లేకపోతే కొట్టడు. కొట్టకపోతే వచ్చే ఏడు ఏం తగ్గిస్తాం? ఇది పథకానికి ద్రోహం!”

గోకుడు నిషేధించారు. దురదగొండి మళ్ళీ తెమ్మని కోతుల్ని పంపారు. కోతులు అడవంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చాయి.

“తీగ లేదు అధ్యక్షా.”

“ఏమైంది?”

“అది చెట్ల మీద పాకే తీగండీ. చెట్లేవీ? మిగిలినవాటికి కొమ్మలేవీ?”

తాబేలు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. అప్పుడు అధ్యక్షుడు లేచి గంభీరంగా తీర్మానం చదివాడు. “దురదగొండి పాకడానికి వీలుగా అడవంతా మొక్కలు నాటాలి. అవి పెద్దయ్యాక దురద, దురదతో కొట్టుడు, తర్వాత తగ్గింపు.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు నుంచి ఆ అడవిలో మొక్కలు నాటుతూనే ఉన్నారు.

వానలు ముదిరాక కొమ్ముపిట్ట గోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. కొత్త ఈకలు. వెనక రెండు పిల్లలు. అవి మొదటిసారి ఎగిరి, తాని చెట్టుకి దూరంగా వచ్చేసి, వాలడానికి కొమ్మ కోసం చూశాయి. బయలు నిండా జానెడు మొక్కలు.

పిల్లలు ఒక చుట్టు తిరిగి, వచ్చి ఏనుగు వీపు మీద వాలాయి.

ఏనుగు కదలకుండా నిలబడ్డాడు. గుట్టగా కూర్చున్నవాడికి చెట్టుగా నిలబడటం ఒక లెక్కా?

నీతి: చెట్టు మీద బతికినవాళ్ళకి చెట్టే దక్కదు, చెట్టు కొట్టబోయి ఆగినవాళ్ళకి దండ కూడా దక్కుతుంది.