పన్నెండో మనిషి మౌనం

ఆ ఉదయం కొట్టు తీసేటప్పటికి కుళాయిల వ్యాపారి దగ్గరున్నవి ఆరు రోజుల మౌనం, వాచిన దవడ, తమ్ముడి కూతురికిచ్చిన మాట. ఆ అమ్మాయి సోషల్ మీడియా మనుషుల్ని ఎలా మారుస్తుందో పరిశోధన చేస్తోంది. ఏడు రోజులు ఫోన్ ముట్టకుండా ఉండమని పన్నెండు మందిని ఒప్పిస్తే, పదకొండు మంది మూడో రోజుకే జారిపోయారు. ఈయన కూడా జారితే ఆమె రెండేళ్ల పని మళ్లీ మొదటికొస్తుంది. పెదనాన్న ఫోన్ ఆమె బల్ల సొరుగులో, సీలు వేసిన కవరులో ఉంది. సాయంత్రం ఆరింటికి గడువు పూర్తి.

ఆయన లెక్కలో వేసుకోనిది ఒకటుంది. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే నాలుగు వందల మందికి పువ్వు బొమ్మతో శుభోదయం పంపేవాడు. అది ఆగింది. పైగా నిన్న పంటి నొప్పికి దవడ చుట్టూ గుడ్డ కట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కడం ఎవరో చూశారు. ఆ రెండు ముక్కలూ వర్తకుల గ్రూపులో కలుసుకున్నాయి.

పదింటికి రంగుల కొట్టాయన పూలగుత్తితో వచ్చి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"మీరు... చనిపోయారుగా!"

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున్నే. ఇదిగో, ఫొటో కూడా వేశారు."

ఫొటో కింద మూడు వందల సంతాపాలు. "ఎంత ఉదార హృదయం!" అని రాసినవాడు కిందటి నెల ఆయన్ని మొహం మీదే పిసినారి అన్నవాడు.

"బతికే ఉన్నానని ఒక్క మాట పెట్టండి. నా ఫోన్ తీసుకోండి."

"ముట్టను. పిల్ల చదువు."

"ప్రాణం కంటే ఎక్కువా?"

"ప్రాణం నా దగ్గరే ఉందయ్యా. ఎనిమిది గంటలే మిగిలాయి."

రంగులాయనే పెట్టాడు. "చావు మీద వేళాకోళమా? సిగ్గు లేదూ?" అని వెంటనే జవాబొచ్చింది. మరుక్షణం ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

ఇంతలో భార్య ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చింది. భర్తను తడిమి చూసి, ఉన్నాడని రూఢి చేసుకున్నాక విరుచుకుపడింది.

"నిక్షేపంలా ఉండి ఇదేం పనండీ!"

"తొమ్మిదింటికి నీ చేతి కాఫీ తాగే వచ్చానుగా, ఎలా నమ్మావే?"

"దారిలో ఏమైందో అనుకున్నా. మీ తమ్ముడి కూతురే సంతాపం రాసింది. అంత చదువుకున్న పిల్ల అబద్ధం రాస్తుందా?"

ఆ అమ్మాయి కూడా ఏడుస్తూ దిగింది. ఆయన ముందే చేతులెత్తేశాడు. "ఫోన్ ముట్టలేదు తల్లీ, ఒట్టు!"

ఆమె పెద్దమ్మ వైపు వేలు చూపించి, "పెద్దమ్మే కదా ఫొటో పంపింది..." అంది.

"ఫొటో కిందే ఇది నిజమేనా అని అడిగానే!"

"ఫొటో చూశాను. కిందది చదవలేదు."

చదవకుండానే అర పేజీ నివాళి రాసింది. దాన్ని తొమ్మిది వందల మంది పంచారు. పరీక్షలో ఉన్నవాళ్ల గురించి పరిశోధకులు ఎక్కడా ఏమీ రాయకూడదన్నది ఆమె రాసిన నియమమే. అప్పుడే ప్రొఫెసరు ఫోన్. వింటూ వింటూ ఆమె మొహం పాలిపోయింది.

"పన్నెండో మనిషిని లెక్కలోంచి కొట్టేయమన్నారు పెదనాన్నా."

ఆయన పైపుల కట్ట మీద కూలబడ్డాడు. "మరి నీ రెండేళ్లు?"

"దక్కాయి. పన్నెండో మనిషి అధ్యాయం నా మీదే రాయమన్నారు. చదువుకున్నవాళ్లు చదవకుండా ఎలా పంచుతారో చెప్పడానికి ఇంతకంటే రుజువు దొరకదట."

సాయంత్రం ఆరింటికి ఆయన లెక్క చూసుకున్నాడు. పిల్లకు అధ్యాయం దక్కింది. తన ఏడు రోజుల మౌనం పూర్తయింది, కానీ ఎవరికీ అక్కరలేకపోయింది. కన్నీరు కార్చిన మూడు వందల మందిలో కొట్టుదాకా వచ్చినవాళ్లు ఇద్దరు. రెండోవాడు కారుతున్న కుళాయి మార్చుకోవడానికి వచ్చాడు.